అతికిన బండికి జాగ లేదు

“బోర్డు సదువుకోరాదమ్మా? ‘అతికిన బండికి ఇక్కడ జాగ లేదు’ అని గంత పెద్దగ రాసిపెట్టినం గదా!”

హన్మండ్లు గొంతుకు హాల్లో ఆడుతున్న ఆరుగురూ మీటలు వదిలేసి ఇటు తిరిగారు. కామారెడ్డి నిజాంసాగర్ చౌరస్తాలో ఆయన పెట్టిన కార్ల ఆట అది. పొడుగాటి చెక్క ట్రాక్, దాని మీద ఆరు గాడులు, గాడికొక బుల్లి ప్లాస్టిక్ కారు. చేతిలో మీట నొక్కితే కరెంటు మీద ఉరుకుతాయి; ప్రతి ఆదివారం పోటీ పెడతాడు. మలుపులో మీట వదలకపోయారో, ఎగిరి గోడకు కొట్టుకుని పైడొప్ప పగులుతుంది. పగిలిన వాటిని బామ్మర్ది సతీశ్ చెత్తలో పారేసి, నెలనెలా హైదరాబాదు పోయి కొత్తవి తెస్తాడు. ఊళ్లో ఎవరు కనబడినా, తన దగ్గర అతుకుల బొంతలు ఉండవని చెప్పుకోనిదే హన్మండ్లుకు ఛాయ్ దిగదు.

“సదివిన అన్నా. సదివినంకనే వచ్చిన,” అంది అరుణజ్యోతి. లింగంపేటలో బీడీలు చుట్టే మనిషి. భుజాన సంచి, చేతిలో ఎర్ర కారు. “ఐతారం పోటీల నా బండి ఉరుకుతది. ఆ బోర్డు దిగుతది.”

“అబ్బో! మొదటి మలుపుల్నే ముక్కలైతది నీ బండి.”

“ఎట్లయితది?” ఆమె కారును తిరగేసి చూపింది. “పలిగిన ముక్కల్నే జరంత థిన్నర్ల కరగవెట్టి, లప్పం జేసి పూస్త. అతుకు కింద లోపట బీడీ దారం పరుస్త, ఇగో గిట్ల. గిట్ల అతికేటోళ్లు నేను తప్ప ఇంకొకలు లేరు.”

“ఎన్ని అతికినవేంది ఇప్పటిదాంక?”

“నూరు దాటినయి.”

“నూరా! లింగంపేటల గన్ని కార్లు యాడియమ్మా?”

హాలంతా గొల్లుమంది. అరుణజ్యోతి మాత్రం నవ్వలేదు.

“పలిగినయి యాడనన్న ఉంటయి గదన్నా. అయినా పలిగిందంటే పనికి రాదని ఎవరు జెప్పిన్రు? అతికిన చేతిని జూడకుండ గీత గీసి బోర్డు పెడ్తే ఎట్ల?”

సతీశ్ గబగబా నడుమకొచ్చాడు. “పోనియ్ బావా, ఆడమనిషితోటి పంచాది ఎందుకు? నేను బస్సెక్కించి వస్త,” అంటూ ఆమె సంచి అందుకోబోయాడు.

“చెయ్యి తియ్యి,” అంది అరుణజ్యోతి. సతీశ్ చెయ్యి తీసేశాడు.

ఆ తెగింపుకు హన్మండ్లుకు ఒళ్లు మండింది. తన హాల్లో, తన మనుషుల ముందు, ఒక బీడీలామె తన బోర్డు దించుతానంటుందా! “ఏం జేద్దామంటవ్ చెప్పు,” అన్నాడు.

“నీ కొత్త బండ్లన్నీ ఎర్రయే గదా. అన్నీ ఉరికియ్యి. అతికిన బండి ఏదో పైనుంచి జూసి పట్టు. పట్టినవంటే నేను మళ్ల ఈ గడప తొక్క. పట్టకపోతే ఆ బోర్డు నీ చేతులతోనే పీకాలె.”

“మాటంటే మాటేనా?”

“మాటే.”

బల్ల మీద డజను దాకా ఎర్ర కార్లు పెట్టారు. “అందరు అటు తిరుగుండ్రి, సైగలు జేస్తరు,” అంది అరుణజ్యోతి. అందరూ గోడకు తిరిగారు. వెనక సంచి జిప్పు చప్పుడు, కార్లు ఒకదానికొకటి తగిలే చప్పుడు వినబడ్డాయి. “ఇగ జూడుండ్రి!”

హన్మండ్లు మలుపులో కూడా మీట వదలకుండా, కసి తీరా ఉరికించాడు. నాలుగు బండ్లు ఎగిరి గోడకు తగిలాయి. ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు. అన్నీ కొత్తవాటిలాగే ఉరికాయి.

“ఛాయ్ చెప్పొస్త బావా,” అని సతీశ్ బయటికి పోయాడు. ఛాయ్ వచ్చింది గానీ సతీశ్ రాలేదు.

హన్మండ్లు అద్దాలు పెట్టుకున్నాడు. ఫోను లైటు వేసి ఒక్కొక్క డొప్పనూ కంటికి ఆనించుకుని చూశాడు. అరగంటయింది. ఓడితే రేపు చౌరస్తాలో తలెత్తుకు తిరగలేడు. ఏడో బండి దగ్గర ఆయన వేలు ఆగింది. టాపు మీద వెంట్రుకంత గీత.

“ఇదే!”

తిరగేశాడు. లోపల, గీత పొడుగునా, గులాబీ రంగు బీడీ దారం.

“దొర్కింది!” అని ఆయన ఎగిరి గంతేశాడు. ఈలలు మోగాయి. “జూసిన్రా? కొత్తది కొత్తదే, అతుకుది అతుకుదే. నా కండ్లు గప్పుదామనుకున్నది!”

“దొర్కవట్టినవ్ అన్నా, నీ కండ్లు మంచియే,” అంది అరుణజ్యోతి. ఆమె మొహంలో ఓడిన జాడే లేదు. “మాట ప్రకారం నేను మళ్ల గడప తొక్క. నువ్వు గూడ నీ బోర్డు మాట మీద నిలబడు. ఆ అతికిన బండిని బయట పారెయ్.”

“నేనెందుకు పారేస్తనమ్మా? నీ బండి నువ్వే పట్కపో. మీ దిక్కు పోయే ఎల్లారెడ్డి బస్సు తప్పిపోతది మళ్ల.”

అరుణజ్యోతి సంచి జిప్పు మెల్లగా తీసి, ఆయన ముందర దాని నోరు తెరిచి పట్టింది.

“నా బండి ఇంకా సంచిలనే ఉన్నదన్నా.”