తెగిన మాట

ఇంట్లో అందరి చెవుల్లోనూ బిళ్లలే. గోడమీది పెట్టె పంపిన మాట తప్ప మరేదీ వినపడదు. పాత పెట్టె అయితే, పిలిచిన పేరు వినగానే మాటను ఆ మనిషి చెవికి దాటించేసేది. నిన్న బిగించిన కొత్తది మాట పూర్తయ్యేదాకా పట్టి ఉంచి సరిచూసుకుంటుంది. తడబడినా, తెగినా పారేస్తుంది.

పొద్దుట్నుంచి అత్తగారి గదిలోంచి ఒక్క మాటా రాలేదు.

“అత్తయ్య ఇంతసేపు ఊరుకునే మనిషి కాదు. ఈ పెట్టె ఏదో దాస్తోందండీ,” అంది వైదేహి.

“తిట్లు దాస్తే మంచిదేగా,” అన్నాడు భర్త, కాఫీ అందుకుంటూ.

వైదేహి ఆ గదిలోకి వెళ్లి బిళ్లలు పీకేసింది. అత్తగారి మూతి వంకరపోయింది. “వై... దే...” అని ముద్దముద్దగా పిలుస్తూనే ఉంది.

“ఏవండీ, అత్తయ్యకి...” ఏడుపొచ్చి వైదేహి మాట తెగిపోయింది.

తలుపులోంచి చూసింది. అతను కాఫీ ఊదుకుంటూ తాగుతున్నాడు.