లేసు లేని మెడగుడ్డ

“నా పెళ్ళికేమో ముతక గుడ్డ, దాని మఠానికేమో సన్నటి నారబట్ట. ఇద్దరం ఒక్క కడుపునే పుట్టాం కదమ్మా?”

లీస్బెత్ బఠాణీల సూపు గిన్నె పక్కకు నెట్టింది. పొద్దున మొదలైన గొడవ మధ్యాహ్నం భోజనాల దాకా వచ్చింది.

తల్లి మైకెన్ కిటికీ పక్కన కూర్చుని, పది రోజులుగా కుడుతున్న మెడగుడ్డకు చివరి మడత వేస్తోంది. గడ్డం కింద నుంచి రొమ్ము దాకా కప్పే తెల్లటి గుడ్డ. అంచుకు లేసు లేదు. బ్రూజ్ ఊళ్ళో ఏ పెళ్ళికూతురూ లేసు లేని మెడగుడ్డ కట్టదు. ఇంట్లో సన్యాసినిగా మఠానికి పోతానన్నది చెల్లెలు గోడెలీవ్ ఒక్కతే. ఇక అది ఎవరికో వేరే చెప్పాలా?

“నేనడిగానా అక్కా? నన్నెందుకు పొడుస్తావు?” అంది గోడెలీవ్.

“అడక్కుండానే అన్నీ నీ ఒళ్ళో పడతాయి, అదే నా ఏడుపు. దేవుడికి పెళ్ళానివి కాబోతున్నావు మరి. వడ్రంగి పెళ్ళానికి ఏదైతేనేం.”

“పోనీ, నువ్వే తీసుకో.”

“నీకని కుట్టింది నాకెందుకు?”

అన్న వౌటర్ రొట్టె నములుతూ నవ్వాడు. “ఆ గుడ్డకు కాళ్ళుంటే ఈపాటికి తనే మఠానికి పారిపోయేది.”

మైకెన్ దారం కొరికి, గుడ్డను బల్ల మీద పెట్టింది. లీస్బెత్ చటుక్కున లాక్కుని చెల్లెలి మెడకు చుట్టింది. “ఏదీ, చూద్దాం నీ వైభోగం.”

వెనక గుండుసూది గుచ్చినా గుడ్డ వదులుగా జారింది. నాలుగు వేళ్ళు పట్టేంత సందు.

లీస్బెత్ ఆ సందులో వేళ్ళు దూర్చి చూసింది. అమ్మ కొలత ఎన్నడూ తప్పదు. చెల్లిది కాదంటే ఇది తనదే. లేసు తర్వాత కుడదామనుకుందేమో. గబగబా విప్పి తన మెడకు కట్టుకుంది.

తనకూ వదులే.

మైకెన్ లేచి వచ్చి కూతురి మెడలోంచి గుడ్డ తీసుకుంది. భర్త పోయిన నాటి నుంచి ఆరేళ్ళుగా కడుతున్న, అంచుకు ఏ లేసూ లేని పాత మెడగుడ్డ విప్పి, కొత్తది కట్టుకుంది. కొలిచినట్టు సరిపోయింది.

“ఆదివారం నేను కాలువ అవతలి మఠంలో చేరుతున్నా,” అంది ముగ్గురి వంకా చూస్తూ, మెల్లగా. “అక్కడ భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడకూడదట.”