రసీదు నంబరు

ట్యూషన్ సెంటర్ ఫీజుల కౌంటర్లో ఫోన్ మోగింది.

శనివారం, మధ్యాహ్నం మూడు గంటలు. చేసిందెవరో ఎత్తకుండానే తెలిసిపోయింది ఆమెకి.

“తొమ్మిదో తరగతి లెక్కల బ్యాచ్. అమ్మాయి మేనమామనండీ,” అన్నాడతను ఎప్పట్లాగే. “ఈ నెల ఫీజు అందిందా?”

“మూడో తారీఖునే అందిందండీ. పోయిన వారమే చెప్పాను కదా.”

“రసీదు నంబరు చెబుతారా? రాసుకుంటాను.”

“అదీ చెప్పాను.”

“ఇంకొక్కసారి చెప్పండమ్మా.”

చెప్పింది. అవతల పెన్సిలు గీరిన చప్పుడు వినిపించింది.

ఆ ట్యూషన్ సెంటర్లో నాలుగు వందల మంది పిల్లలు. ఫీజులు కట్టించుకోవడం, రసీదులివ్వడం, బాకీపడ్డవాళ్లకి మనసు నొవ్వకుండా గుర్తుచేయడం, అన్నీ ఆమే. పిల్లలు చాటుగా తనని ‘రసీదమ్మ’ అంటారని కూడా ఆమెకి తెలుసు.

ఫీజు మాటెత్తుతారేమోనని ఫోనెత్తని తండ్రుల్ని ఎంతోమందిని చూసింది. కట్టేసిన ఫీజు కోసం వారం వారం ఫోన్ చేసే మేనమామని మాత్రం ఇతన్నే చూసింది.

“హాజరు ఎలా ఉందండీ?”

“ఒక్క రోజూ మానలేదు.”

“పరీక్షలో?”

“ఇరవైకి పదిహేడు.”

“పదిహేడా! పోయినసారి పద్నాలుగు కదూ?” అతని గొంతులో సంబరం ఆగలేదు. తర్వాత కాస్త నసిగాడు. “ఇంకొక్క మాట... ఏమీ అనుకోకండి. రెండు జడలు వేసుకొస్తోందా?”

కౌంటరు ముందు ఐదుగురు నిలబడి ఉన్నారు. ఆమెకి ఒళ్లు మండింది. అయినా అద్దంలోంచి క్లాసులోకి ఓ చూపు విసిరింది.

“ఒకటే జడ.”

“ఎప్పట్నుంచి?”

“నాకేం తెలుసండీ! ఇది ఫీజుల కౌంటరు.”

“అవునవును. పెద్దదైపోయిందన్నమాట,” అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

లైను తెగిపోయింది.

ఆ సాయంత్రమే సెంటర్ నడిపే మాస్టారు వచ్చి, “కౌంటరు దగ్గర క్యూ పెరిగిపోతోందమ్మా,” అన్నాడు. “కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టించాను. డబ్బు పడగానే రసీదు మెసేజ్‌లో వెళ్లిపోతుంది. ఇక ఎవరూ ఫోన్ చెయ్యక్కర్లేదని చెప్పెయ్యండి.”

ఆమె నెత్తిమీంచి పెద్ద బరువు దిగినట్టయింది.

మరుసటి శనివారం అతను నోరు తెరవకముందే చెప్పేసింది.

“ఇకనుంచి రసీదు మెసేజ్ వస్తుందండీ. ఫోన్ చెయ్యక్కర్లేదు.”



“ఈ ఫోన్‌కి మెసేజ్‌లు రావమ్మా. ల్యాండ్‌లైను.”

“అయితే వేరే నంబరివ్వండి.”

“వేరే లేదు. మీరు నోటితో చెబితేనే బాగుంటుంది. రెండు నిమిషాలు చాలు.”

“మీ ఒక్కరి కోసం రూలు మారుస్తారాండీ?”

“మారుస్తారని కాదమ్మా... నిజమే. ఇన్నాళ్లూ మిమ్మల్ని విసిగించాను.”

ఆ పై శనివారం ఫోన్ మోగలేదు. హాయిగా కాఫీ తాగింది.

రెండో శనివారం మూడయ్యేసరికి ఆమె చూపు తనకి తెలియకుండానే ఫోన్ మీదికి పోయింది. మోగలేదు.

మూడో శనివారం పరీక్ష మార్కుల జాబితా వచ్చింది. ఆ అమ్మాయికి ఇరవైకి ఇరవై. బ్యాచ్ మొత్తంలో ఆ అమ్మాయి ఒక్కదానికే.

ఆమె ఫోన్ కాస్త దగ్గరికి జరుపుకుంది. మూడున్నరయింది. నాలుగయింది. చేతిలో ఇంత మంచి కబురుంది, అడిగేవాళ్లు లేరు.

క్లాసు వదిలాక అమ్మాయిని పిలిచింది.

“ఇరవైకి ఇరవై కొట్టేశావుగా! మీ మావయ్యకి చెప్పావా?”

“ఏ మావయ్య ఆంటీ? నాకు మావయ్యలే లేరు. మా తాతగారికి అమ్మ ఒక్కతే సంతానం.”

అమ్మాయి సైకిలెక్కి వెళ్లిపోయింది.

ఆమెకి అమ్మాయిని చేర్పించిన రోజు వాళ్ల అమ్మ గుర్తొచ్చింది. ‘ఫీజు ఎవరు కడతారండీ?’ అంటే, ‘అదే వస్తుందిలెండి,’ అని ముఖం తిప్పుకుంది. అన్నట్టే నెలనెలా వచ్చేది. పంపినవారి పేరుండేది కాదు. ఏదో సంక్షేమ నిధి అని మాత్రం ఉండేది. అతను పనిచేసే చోటేమో అనుకుని ఊరుకుంది.

పాత కాల్స్ వెతికి, ఆ నంబరుకి తనే చేసింది.

“హలో, జైలు ఆఫీసు,” అంది అవతలి గొంతు.

నంబరు మళ్లీ చూసుకుంది. అదే నంబరు. తడబడుతూ సెంటరు పేరు చెప్పింది.

“ఓ, ట్యూషన్ వాళ్లా!” అన్నాడు అవతలి గుమస్తా. “ఫీజుకేం ఢోకా లేదండీ. ఆయన ఇక్కడ అచ్చుపనిలో తనకొచ్చే కూలి అంతా మీకే పంపమని రాసిచ్చాడు.”

“ఫీజు కోసం కాదండీ. ఆయనతో ఒక్క మాట చెప్పాలి. అమ్మాయికి ఇరవైకి ఇరవై వచ్చాయి.”



“ఈ పొద్దున్నే ఆయన్ని వేరే జైలుకి మార్చేశారమ్మా. ఇక్కడ మనిషికి వారానికి ఐదు నిమిషాలే ఫోన్. పోయిన రెండు వారాలూ ఆయన ఫోన్ దగ్గరికి రానే లేదు. తన వంతు పక్కవాళ్లకి ఇచ్చేశాడు.”

ఆమె కాగితం, పెన్ను అందుకుంది.

“ఏ జైలో చెప్పండి. ఉత్తరం రాస్తాను.”

“బంధువులకి తప్ప చెప్పకూడదమ్మా. మీరు ఆయనకి ఏమవుతారు?”

“నేను... ఇక్కడ ఫీజులు కట్టించుకుంటానండీ.”

“ఉండండి, చూస్తాను.” రిజిస్టరు తిరగేస్తున్న చప్పుడు. “ఆయన ఫోన్ చేసుకుంటానని రాసిచ్చింది ఒక్క నంబరే. అది మీదే. ఎదురుగా బంధుత్వం అన్న చోట...”

గుమస్తా కూడబలుక్కుంటూ చదివాడు:

“‘మా అమ్మాయిని రోజూ చూసే మనిషి.’”