ఎప్పుడైనా ఫోనెత్తే మనిషి

మా పాప జూన్ బుట్టలో నిద్రపోతోంది. రెండు చేతులూ పైకెత్తి, ఎవరో తుపాకీ చూపించినట్టు.

బుట్ట పక్కన ప్లాస్టిక్ గుడారం. అందులో, నెత్తి నుంచి పాదాల దాకా తెల్ల ముసుగు తొడుక్కున్న మా మరిది ఆర్లో. ఆర్లో ముందు బల్ల మీద బూట్లపెట్టె అంత ఉపగ్రహం.

ఇది మా గ్యారేజీ. మంచు ఎంత కురిసినా మా కారు బయటే ఉంటుంది.

గుడారంలోకి దుమ్ము రాకుండా ఒక పెద్ద ఫ్యాన్ పగలూ రాత్రీ హోరుమంటూ తిరుగుతుంది. మా ఐదు నెలల పిల్లకి ఆ హోరే జోలపాట. నా పాటకి ఏడుస్తుంది.

ఉపగ్రహం పైకెళ్ళి భూమిని ఫోటోలు తీస్తుంది, ప్రయోగంగా. దానికి వాషింగ్టన్‌లో ప్రభుత్వం అనుమతి కావాలి. శుక్రవారంలోగా రాకపోతే రాకెట్‌లో మా చోటు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. మా ఆయన రస్ ఉద్యోగం మానేసింది దీనికోసమే.

అనుమతుల ఆఫీసువాళ్ళు అడగని ప్రశ్న లేదు. చివరికి ఒక మనిషిని అడిగారు.

దేశ భద్రత కోసం ఎప్పుడు ఫోన్ చేసి కెమెరా ఆపమన్నా, వెంటనే ఎత్తి, పావుగంటలో ఆపించే మనిషి.

"నువ్వే," అన్నాడు రస్.

"నేనా? నేను హైస్కూలు కూడా పూర్తి చెయ్యలేదు."

"నీ చదువెవడడిగాడు? మెలకువగా ఉంటావా లేదా అన్నదే వాళ్ళ బాధ. నేను పడుకుంటే ఇల్లు కూలినా లేవను. వీడి ఫోన్ మొన్న ఫ్రీజర్‌లో దొరికింది."

"ఐస్‌క్రీమ్ తీస్తూ పెట్టాను, ఎవరికైనా జరుగుతుంది," అన్నాడు ఆర్లో. "నువ్వైతే పిల్ల తుమ్మితే లేస్తావు, వదినా. తుమ్మకపోతే ఇంకా ముందే లేస్తావు."

నిజమే. తుమ్మకపోతే ఊపిరాడుతోందో లేదో చూడాలి కదా.

ఒకసారి పరీక్ష పెడతాం, ఎప్పుడో చెప్పం అన్నారు ఆఫీసువాళ్ళు. అప్పటినుంచి స్నానాల గదిలోకి కూడా ఫోన్‌ని ప్లాస్టిక్ సంచిలో వేసుకుని వెళుతున్నాను.

ఇవాళ బుధవారం. రాకెట్ వాళ్ళని బతిమాలడానికి రస్ డెన్వర్ వెళ్ళాడు. జూన్ నిన్నటినుంచి కన్ను మూయలేదు. ఇప్పుడే నిద్రపోయింది.

జేబులో ఫోన్ వణికింది.

"కెమెరా అనుమతుల ఆఫీసు నుంచి హాల్వర్సన్‌ని. ఇది పరీక్ష. మీ కెమెరా ఆపించాలి."

"సరేనండి," అన్నాను గుసగుసగా.

"వినపడలేదు."

"పాప నిద్రపోతోందండి."

"సరే," అన్నారాయన, ఆయనా గుసగుసగానే. "సమయం మొదలైంది."

కెమెరా నడుస్తూనే ఉంది. గ్యారేజీ పైకప్పుకి అతికించిన వయోమింగ్ రాష్ట్రం పటాన్ని పొద్దున్నుంచీ ఫోటోలు తీస్తోంది. దాన్ని ఆపగలిగినవాడు నాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. లోపలికి ఫోన్ తీసుకెళ్ళకూడదు. బయటినుంచి గుడారాన్ని ముట్టుకోకూడదు. ఆ హోరులో మెల్లగా పిలిస్తే ఆర్లోకి వినపడదు. గట్టిగా పిలిస్తే జూన్‌కి వినపడుతుంది.

చెయ్యి ఊపాను. ఊపగా ఊపగా తిరిగాడు.

కెమెరా మూసెయ్యి అన్నట్టు రెండు చేతులతో నా కళ్ళు మూసుకున్నాను.

ఆర్లో కూడా కళ్ళు మూసుకున్నాడు. పిల్లని ఆడిస్తున్నాననుకున్నాడు.

మళ్ళీ మూసుకున్నాను. మళ్ళీ మూసుకున్నాడు. ఈసారి వేళ్ళ సందుల్లోంచి తొంగిచూశాడు.

"ఏం జరుగుతోందమ్మా?" గుసగుసలాడారు హాల్వర్సన్.

"చెబుతున్నానండి. అతనికి అర్థం కావట్లేదు."

"ఇంజనీరా?"

"అవునండి."

"ఊఁ," అన్నారాయన, జాలిగా.

ఆర్లో మళ్ళీ వీపు తిప్పేశాడు.

గోడ మీద ఫ్యాన్ స్విచ్ ఉంది. దాని మీద రస్ ఎర్ర టేపు అంటించి రాశాడు: ముట్టుకుంటే విడాకులు.

విడాకులకి నేను భయపడలేదు. బుట్ట వంక చూశాను. చేతులు ఇంకా పైకే ఉన్నాయి. పెదవి మీద ఒక పాలచుక్క.

"ఏమనుకోకు తల్లీ," అని స్విచ్ నొక్కాను.

హోరు ఆగింది.

ఆర్లో గిరుక్కున తిరిగాడు. "పిచ్చా నీకు? దుమ్ము..."

"కెమెరా ఆపు. వాషింగ్టన్."

వాడు కీబోర్డు మీద పడ్డాడు. జూన్ కళ్ళు తెరిచింది. నన్ను చూసింది. ఫ్యాన్‌ని చూసింది. ఊపిరి కూడగట్టుకుంది.

"ఆగింది," అన్నాడు ఆర్లో.

"ఆగిందండి," అన్నాను ఫోన్‌లో. నా మాట జూన్ ఏడుపులో కొట్టుకుపోయింది.

"విన్నాను," అన్నారు హాల్వర్సన్. "ఎన్నో నెల?"

"ఐదు."

ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు. జూన్ ఏడుస్తూనే ఉంది.

"ఇందాకటి హోరేదో ఆగిపోయింది కదా," అన్నారు చివరికి. "మళ్ళీ వెయ్యండి."

శుక్రవారం మధ్యాహ్నం అనుమతి వచ్చింది. రస్ ఆ ఎర్ర టేపు పీకి, పతకంలాగా నా చొక్కాకి అంటించాడు. ఆర్లో ఐస్‌క్రీమ్ తెచ్చాడు. ఫోన్ కోసం ఫ్రీజర్‌లో వెతుక్కున్నాడు.

వసంతంలో ఉపగ్రహం పైకెళ్ళింది. గుడారం విప్పేశారు. ఫ్యాన్ మాత్రం నేను తియ్యనివ్వలేదు.

మొన్న మధ్యాహ్నం జూన్ వంటింట్లో నేల మీద కూచుని గిన్నెలు వాయిస్తుంటే ఫోన్ మోగింది.

"హాల్వర్సన్‌ని," అంది ఒక గుసగుస. "ఈసారి పరీక్ష కాదు. నిజంగానే ఆపాలి."

"ఇప్పుడే ఆపిస్తానండి. మీరు మామూలుగా మాట్లాడండి, పాప మేలుకునే ఉంది."

"పరవాలేదమ్మా," అన్నారాయన, గొంతు పెంచకుండానే.