మిషను రిపేరు

మిషను గుర్రుమంటోంది గానీ తిరగడం లేదు. మూత ఎత్తి చూస్తే, సబ్బునీళ్ళలో దుప్పటి మడతల మధ్య నీలం చొక్కా చెయ్యి కనబడింది. కోడలి పైప్రాణాలు పైనే పోయాయి.

అది మామగారి చొక్కా. ఆయన పోయి ఆరేళ్ళయింది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు తన చేత్తో కుట్టిచ్చిన చొక్కా. ఆవిడ దాన్ని మడిచి దిండు గలీబులో పెట్టుకుని పడుకుంటుంది. నెలకోసారి బేసిన్లో తనే ఉతుక్కుంటుంది. "ఈ ఒక్కటీ మిషను మొహం చూడకూడదమ్మా" అని కోడలు కాపురానికి వచ్చిన రోజే చెప్పింది. గలీబును ఉన్నదున్నట్టు లాగి మిషనులో పడేశాక గానీ కోడలికి ఆ మాట గుర్తురాలేదు.

ఆదరాబాదరాగా చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. అడుగున ఎక్కడో 'చర్రు'మంది. వదిలేసింది.

అత్తగారు కొడుకు బండి మీద కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. వెళ్తూ గుమ్మంలో ఆగి ఏదో చెప్పింది. కుళాయి చప్పుడులో సగమే వినబడింది. వినబడని సగానికి కూడా కోడలు "సరే అత్తయ్యా" అనేసింది. అయిదింటికల్లా వచ్చేస్తారు. ఇప్పుడు మూడున్నర. కంపెనీకి ఫోను చేస్తే మనిషిని పంపుతామన్నారు గానీ, ఎప్పుడో చెప్పలేదు.

నాలుగు నెలల కాపురంలో అత్తగారు ఆమెను ఒక్క మాట అనలేదు. అసలు భయం అదే. తిట్టే అత్తగారికైతే జవాబు చెప్పుకోవచ్చు.

బెల్లు మోగింది. కోడలు కళ్ళు తుడుచుకుంటూనే తలుపు తీసింది. భుజాన సంచీతో యాభై ఏళ్ళ మనిషి.

"మిషను రిపేరుకండీ. పెద్దమ్మగారు లేరా?"

"ఆవిడ వచ్చేలోపు అయిపోవాలి. ఆవిడకి తెలియకూడదు. దేవుడిలా వచ్చారు, రండి."

అతను ఏదో అనబోయాడు. కోడలు వినే స్థితిలో లేదు. అతని సంచీ తనే అందుకుని బాత్రూము వైపు నడిచింది.

మిషను ముందు అతను కాసేపు అలాగే నిలబడ్డాడు. వంగి దాని కాళ్ళ దగ్గర తడిమాడు. పొడుగు ముక్కున్న నూనెడబ్బా ఒకటి తీశాడు. నీళ్ళకేసి చూసి, మళ్ళీ సంచీలో పెట్టేశాడు. తర్వాత ఆమె మొహంకేసి చూసి నిట్టూర్చాడు.

"దీంతో పాటు పుస్తకం ఇచ్చుంటారు కదమ్మా. తెచ్చి చదవండి."

డాక్టరే రోగిని మందు పేరు అడిగినట్టుంది. మీకు తెలియదా అని అడిగితే, ఒక్కో మిషనుది ఒక్కో తత్వమని అన్నాడు.

ఆమె చదువుతుంటే అతను చేసుకుపోయాడు. ముందు ప్లగ్గు పీకాడు. నీళ్ళు పోయే గొట్టాన్ని కిందికి దించి బకెట్లో పెట్టాడు. దుప్పటి తీసి పక్కన వేశాడు. పీచు పట్టే జాలీ ఊడదీస్తే గుప్పెడు నూగు వచ్చింది. దాన్ని వారానికోసారి కడగాలని పుస్తకంలో ఉంది. అలాంటి జాలీ ఒకటుందనే కోడలికి ఇవాళ తెలిసింది.

"అడుగున తిరిగే చక్రానికి నడిమధ్య మర బిగించి ఉంటుందట" అని ఆమె చదివింది.

మర అనగానే మనిషి మారిపోయాడు. చేతుల్లో తడబాటు పోయింది. రెండు నిమిషాల్లో చక్రం పైకి వచ్చింది. దాని కింద ఇరుసుకి చొక్కా రెండో చెయ్యి మెలికలు పడి చుట్టుకుని ఉంది. టైము నాలుగూ ఇరవై. ఆమె చెయ్యి పెట్టబోతే ఆపాడు.

"బట్టని లాగకూడదమ్మా. ఎటు చుట్టుకుందో అటునుంచే విప్పాలి."

విప్పాడు. చొక్కా వచ్చింది. మణికట్టు దగ్గర రెండు వేళ్ళ పొడవున చిరుగు. కోడలు తడి నేల మీదే కూలబడింది.

"ఇవాళ కూడా ఆవిడ ఏమీ అనదు. మొహం అటు తిప్పుకుని పడుకుంటుంది. నేనది చూడలేను."

అతను చక్రం బిగించాడు. ప్లగ్గు పెడితే మిషను తిరిగింది. చొక్కాని అందులో వేసి నీళ్ళు పిండించాడు. కిటికీ దగ్గర కూర్చుని, సంచీలోంచి సూదీ, నీలం దారం తీశాడు. ఆ సమయంలో అతను ఏనుగును తీసినా కోడలు ఆశ్చర్యపోయేది కాదు. చిరుగు మూసుకుపోయింది. ఇస్త్రీపెట్టె కూడా అతనే అందుకున్నాడు.

చొక్కా కొత్త గలీబులోకి చేరేసరికి కింద బండి ఆగిన చప్పుడయింది.

కళ్ళలో చుక్కలు వేసినట్టున్నారు, అత్తగారు నల్లద్దాలతో, కొడుకు చెయ్యి పట్టుకుని తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళింది. అలవాటుగా గలీబులోకి చెయ్యి పోనిచ్చి ఆగిపోయింది. చొక్కా ఇంకా వేడిగానే ఉంది. బయటికి తీసి మణికట్టు మీద బొటనవేలు రాసింది.

"ఎవరు వేశారీ కుట్టు?"

కోడలు దాచలేకపోయింది. గలీబు, మిషను, చిరుగు, అన్నీ ఏడుస్తూ చెప్పేసింది. గుమ్మం పక్కన సంచీతో నిలబడ్డ మనిషిని చూపించింది.

అత్తగారు చొక్కాని ఒళ్ళో పరుచుకుంది.

"మీ మామయ్య మేకులకి తగిలించుకుని దీన్ని మూడుసార్లు చింపారు" అంది. "మూడుసార్లూ నేనే కుట్టాను. దీనికా ఇంత ఏడుపు? ఇలా వచ్చి కూర్చో."

కోడలు వచ్చి పక్కన కూర్చుంది. అత్తగారు నల్లద్దాలు తీసి గుమ్మంవైపు చూసింది. అతను తప్పు చేసినవాడిలా తల వంచుకున్నాడు.

"నువ్వొచ్చింది దేనికో చెప్పలేకపోయావా నాయనా?"

"ఏడుస్తూ తలుపు తీసిందమ్మా. చెప్పడానికి నోరు రాలేదు."

అత్తగారికి నవ్వు ఆగలేదు.

"మరి నా కుట్టుమిషను?"