రెండు వారాల మౌనం

డ్రెస్డెన్‌లో సమావేశం. సూక్ష్మదర్శిని చిత్రాలు చదివే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇకపై ఏది ఉంచాలో, ఏది తీసేయాలో దాన్ని రాసేవాళ్ళు తేలుస్తున్నారు.

"ప్రొఫెసర్ గారూ, మీరు రాసిన భాగమంతా తీసేస్తున్నాం," అంది ఆయన శిష్యురాలు అన్నెగ్రెట్. "అందరికీ మెయిల్ పెట్టాను. ఎవరూ కాదనలేదు."

"కళ్ళ ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నాను కదమ్మా," అన్నాడు ఫ్రీడ్‌హెల్మ్.

"రెండు వారాలు మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనని రూలు పెట్టింది మీరేగా."

ఆయన ఆమె వైపు తిరిగాడు.

"కట్లు విప్పేదాకా రోజూ నా మెయిళ్ళన్నీ చదివి వినిపించింది నువ్వే. ఇది చదవలేదే?"

"చదివితే కాదనేవారు కదా," అంటూ కేకు పళ్ళెం ఆయన ముందుకు జరిపింది అన్నెగ్రెట్.