మంచు లెక్క నమ్మిన మనిషి

పంతొమ్మిదేళ్లలో ఆమె లెక్కను చివరిదాకా విన్నవాడు ఒక్కడూ లేడు.

ఏటా నాలుగు నెలలు ఉత్తర ధ్రువపు సముద్రం మీది మంచుపై ఉండేది. పడ్డ ఎండలో ఎంత భాగాన్ని మంచు వెనక్కి పంపుతోందో కొలిచేది. తిరిగొచ్చి రిపోర్టు రాసేది. అది ఆఫీసు పై అంతస్తుకు వెళ్లి బీరువాలో పడుండేది. ఇంట్లో మరిది, "మంచంతా పోతే మనింట్లో ఫ్రిజ్ ఉందిగా వదినా, దిగులెందుకు?" అనేవాడు. ఆమె నవ్వేసేది. ఆ తర్వాత సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకునేది.

అలాంటిది, ఆ సోమవారం డైరెక్టరు గారు ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చారు.

"వీరికి మీ లెక్కలు కావాలట. అన్నీ వివరంగా చెప్పండమ్మా," అని వెళ్లిపోయారు.

వచ్చినాయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఫోను కట్టేసి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు సైన్సు రాదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పండి."

"తెల్లటి మంచు ఎండను తిప్పికొడుతుందండీ. అది కరిగితే కింద నల్లటి నీళ్లు. అవి ఎండను తాగేస్తాయి. వేడెక్కి పక్క మంచును కరిగిస్తాయి. అప్పుడు ఇంకాస్త నల్లటి నీళ్లు."

"అంటే దాన్ని అదే తోసుకుపోతుందన్నమాట. ఇంకా తొందరపెట్టేవి ఏమైనా ఉన్నాయా?"

"పొగ మసి. అది పడితే మంచు నల్లబడి మరీ త్వరగా పోతుంది."

ఆయన రాసుకున్నాడు. వేసవిలో ఆ సముద్రం మీద మంచన్నదే లేకుండా పోయేది ఎన్నేళ్లకు? ఏ నెలలో? ఎన్ని రోజులపాటు? లెక్క తప్పే అవకాశం ఎంత? గుచ్చి గుచ్చి అడిగాడు.

"ఇంకో పదకొండేళ్లు. ఆగస్టు ఆఖరు నుంచి..." అంటూ ఆమె కళ్లు తుడుచుకుంది. ఆయనే లేచి మంచినీళ్లు అందించాడు.

"మీ కష్టం వృథా పోదమ్మా. నేను నమ్ముతున్నాను," అన్నాడు వెళ్తూ.

ఆ సాయంత్రం భర్తకు చెబుతూ ఏడ్చేసింది.

"ఒకాయన నమ్మాడండీ. ఇన్నేళ్లకు ఒక్కరు. చాలు నాకు."

ఆ పూట మరిది కూడా జోకు వేయలేదు. కాఫీ కలిపి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

పది రోజులకు ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నిలబడే కవరు చించి చదివింది.

"అమ్మా, మీ లెక్కను నమ్మి, పదకొండేళ్ల తర్వాత మంచు అడ్డులేని ఆ సముద్రం మీదుగా దగ్గరి దారిన తిప్పడానికి మా కంపెనీ ఇవాళ నలభై సరుకు ఓడలకు ఆర్డరిచ్చింది."